మూడో అధ్యాయం

మా ఆయనకి ఒకే ఒక్క చెడ్డ అలవాటు ఉంది. నిజాయితీ. తాగరు, సిగరెట్టు కాల్చరు, పేకముక్క ముట్టరు. వాటిలో ఏదో ఒకటి ఉన్నా బాగుండేది, చర్చిలో స్త్రీల సమాజం రోజున చెప్పుకుని ఏడవడానికి నాకూ ఒక కథ ఉండేది. నిజాయితీపరుడైన మొగుడి మీద ఎవరికని ఫిర్యాదు చేస్తాం? పోయిన వర్షాకాలం ఆరాధన అయ్యాక పొరపాటున వేరేవాళ్ళ గొడుగు తెచ్చారు. నల్ల గొడుగులన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఇంటికొచ్చి పిడి చూశాక గానీ తెలియలేదు. అంతే, అంగలకుదురు నుంచి మళ్ళీ తెనాలి దాకా వెళ్ళి ఇచ్చి వచ్చారు, వానలో తడుస్తూ. గొడుగు చేతిలోనే ఉంది. మడిచి ఉంది. "వేసుకోవచ్చు కదండీ" అంటే, "మనది కానిదాన్ని వాడుకోవడమేంటి రూతూ?" అన్నారు. మూడు రోజులు జలుబు ఆయనది, కషాయం నాది.

ఆయన పేరు డేనియల్. డాక్టర్ డేనియల్ అనాలి, గేటు మీద అలాగే రాసి ఉంది. రేపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతారు. ఈ ఏడాది ఆ కాలేజీవాళ్ళు, పిల్లలు ప్రాజెక్టులకి ఏఐని ఎంతవరకు వాడొచ్చు, వాడితే ఎలా చెప్పాలి అని నియమాలు రాయడానికి ఒక కమిటీ వేశారు. నిజాయితీపరుడు కదా అని ఈయన్ని కన్వీనర్ని చేశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "రూతూ, కాస్త ఆ రూల్స్ రాసిపెట్టు" అన్నారు.

కాస్త కాఫీ, కాస్త ఆ చొక్కా ఇస్త్రీ, కాస్త అమ్మ కాళ్ళకి నూనె, కాస్త ఈ నలభై ప్రాజెక్టులు చూసిపెట్టు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో మా ఇంట్లో "చాలా" అనదగిన పని ఒక్కటీ పుట్టలేదు. నేనూ ఎం.ఏ. ఎకనామిక్సే. ఆయనకంటే ఆరు మార్కులు ఎక్కువ. ఈ సంగతి పెళ్ళిచూపుల్లో ఒకసారి చెప్పారు, తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు. మా అత్తగారు సుగుణమ్మగారిని ఎవరైనా అడిగితే, "కోడలు చదువుకుందమ్మా, కానీ ఏం చెయ్యదు, ఇంట్లో ఖాళీగానే ఉంటది" అంటారు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ కాళ్ళు నా ఒళ్ళోనే ఉంటాయి, నూనె రాస్తూ ఉంటాను.

ఏటా ఆఖరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు మా భోజనాల బల్ల మీదికి వస్తాయి. నేను చదువుతాను. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాస్తాను: ఈ లెక్క ఎక్కడిది, ఈ మాట ఎవరన్నారు, ఇక్కడ బాగుంది. ఆయన దాని మీదే ఎర్ర పెన్నుతో రాసి, పెన్సిల్ గీతలు చెరిపేస్తారు. బల్ల మీద పడ్డ రబ్బరు పొట్టు నేను ఊడుస్తాను. ఇదీ మా ఇంటి పద్ధతి. పిల్లలు మాత్రం, "డేనియల్ సారు ప్రతి అక్షరం చదువుతారండి" అని చెప్పుకుంటారట.

ఈ ఏడు ఆ పద్ధతి కాస్త మారింది. మా అమ్మాయి స్నేహ బాపట్లలో అగ్రికల్చర్ చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు వాళ్ళ నాన్న ఫోన్‌లో ఏఐ ఎక్కించి, ఎలా అడగాలో చూపించి వెళ్ళింది. ఆయన వారం రోజులు దాన్ని వదల్లేదు. "ఇక నీకు శ్రమ తప్పింది రూతూ, రిపోర్టులన్నీ ఇదే చూస్తుంది" అన్నారు. సంతోషించాలి. ఎందుకో సంతోషం రాలేదు. నా ఫోన్‌లో కూడా పెట్టించుకుని, పప్పు ఉడికే లోపల దాంతో మాట్లాడి చూశాను. ఏది అడిగినా ముందు "తప్పకుండా" అంటుంది. అలిసిపోదు. విసుక్కోదు. తెలియదని చెప్పడం మాత్రం దానికి మహా నామోషీ, తప్పు చెప్పినా నిబ్బరంగా చెబుతుంది. చేసిన పని కింద పేరు రాసుకోదు. ఒక్క కొడుకున్న ఇంటికి కోడలిగా వచ్చాను గనక నాకు తోడికోడలు లేదు. ఇన్నాళ్ళకి ఆ లోటు తీరింది అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం ఆయన రోజూకంటే ముందు రైలుకే వచ్చేశారు. నేను గోంగూర ఒలుస్తున్నాను.

"దొరికింది రూతూ!"

"ఏంటండి?"

"కాపీ. రిపోర్టు మొత్తం ఏఐతో రాయించింది. నిజాంపట్నం అమ్మాయి, శ్రావణి. శుక్రవారం కమిటీ. ప్రాజెక్టు రద్దు చేస్తాం, మళ్ళీ ఏడాది చెయ్యాల్సిందే."

"ఎలా తెలిసిందండి?"

"ఒప్పుకుంది."

"పాపం, ఏడ్చిందా?"

"ఎవరు?"

"ఆ అమ్మాయి."

"ఆ అమ్మాయి ఎక్కడ ఒప్పుకుంది? ససేమిరా అంటోంది. ఒప్పుకుంది ఏఐ. పేజీలు ఫొటో తీసి పెట్టి, 'ఇది నువ్వు రాసిందేనా?' అని అడిగాను. 'అవునండి, నేను రాసిందే' అంది. ఇంకేం కావాలి?"

శ్రావణి నాకు తెలుసు. అంటే ముఖం తెలియదు, రాత తెలుసు. రెండేళ్ళుగా ఆ అమ్మాయి అసైన్‌మెంట్ల మార్జిన్‌లో నా పెన్సిల్ తిరుగుతూనే ఉంది. వేట మీద బతికే ఇల్లు. వాళ్ళ వీధిలో డిగ్రీ ఆఖరి ఏడాది దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అని ఈయనే ఒకసారి గర్వంగా చెప్పారు. ఎం.ఏ.లో చేరాలని ఆశ. ఏడాది పోతే ఆ ఆశ కోసం ఇంట్లోవాళ్ళు ఆగరు. సంబంధాలు చూస్తున్నారనీ ఈయనే చెప్పారు.

ఆయన పడుకున్నాక గోంగూర పక్కన పెట్టి రిపోర్టు తీశాను. నిజాంపట్నంలో ఎండుచేపల పని చేసే ఆడవాళ్ళ మీద. చదువుతుంటే ఉప్పువాసన వచ్చింది. ఆఖరి పేజీలో ఇలా ఉంది: "ఈ రిపోర్టులో ఇంగ్లీషు సరిచేసుకోవడానికి, పట్టికల్లో శాతాలు కట్టడానికి ఏఐ వాడాను. చేపలు ఎండబెట్టే పద్ధతి గురించి కూడా అడిగాను. మూడుచోట్ల తప్పు చెప్పింది. వాటిని మా నాయనమ్మ వెంకాయమ్మ సరిదిద్దింది. ఆమెది నలభై ఏళ్ళుగా ఇదే పని. ఇంకా తప్పులుంటే అవి నావి." దాని కింద ఆ మూడు తప్పులూ రాసింది. ఎండ ఎంత ఎక్కువుంటే చేప అంత త్వరగా ఎండుతుందని ఏఐ అందట. పడమటి గాలి లేకపోతే ఎంత ఎండలోనైనా నెత్తళ్ళనే చిన్న చేపలు ఉడుకుతాయి గానీ ఎండవని వెంకాయమ్మ అందట.

మిగిలిన ముప్ఫై తొమ్మిది రిపోర్టులూ తిరగేశాను. ఒక్కదాంట్లోనూ అలాంటి పేజీ లేదు. అయిదింటిలో ఒకే ముందుమాట, పేర్లు మాత్రం వేరు. ఒకడైతే రేపల్లె ప్రాంతంలో ముఖ్యమైన పంట గోధుమ అని రాశాడు. గోధుమ! వాడు పాసు. చెప్పనివాడు దొర, చెప్పిన పిల్ల దొంగ.

నేను నవ్వుకుంటూనే ఉన్నాను గానీ, ఆ ఆఖరి పేజీ దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మళ్ళీ చూపు అక్కడే ఆగుతోంది. "నాయనమ్మ వెంకాయమ్మ." పేరుతో సహా రాసింది. ఇరవై ఏళ్ళ పిల్ల.

మా ఆయన థీసిస్ చీరాల పక్కనున్న పేరాల ఊరి చేనేత కుటుంబాల మీద. ఆయన వెళితే మగ్గం దగ్గర మగవాళ్ళు మాట్లాడేవాళ్ళు, ఆడవాళ్ళు లోపలికి తప్పుకునేవాళ్ళు. "నువ్వు కాస్త వాళ్ళతో మాట్లాడు" అన్నారు. మూడేళ్ళ స్నేహని చంకనేసుకుని తెనాలిలో రైలెక్కి, బాపట్ల మీదుగా చీరాలలో దిగి, వారానికి రెండుసార్లు, ఆరు నెలలు. నూటపన్నెండు ఇళ్ళు. వాళ్ళ పక్కన కూర్చుని కండెలకి నూలు చుట్టడం కూడా నేర్చుకున్నాను, చేతులు ఆడుతుంటే గానీ వాళ్ళకి మాటలు రావు. ప్రశ్నపత్రంలో వృత్తి అనే గడి ఉండేది. మగవాళ్ళు "నేత" అని చెప్పేవాళ్ళు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా కండెలు చుట్టే ఆడవాళ్ళు, "ఏం లేదమ్మా, ఇంట్లోనే" అనేవాళ్ళు. ఆ "ఏం లేదు" మీదే మూడో అధ్యాయం రాశాను. డెబ్భై ఒక్క పేజీలు. వైవాకి వచ్చిన పెద్దాయన ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారట. ఈయన స్వీట్లు తెచ్చారు. నిజాయితీగా సగం నాకే పెట్టారు.

థీసిస్ మొదట్లో కృతజ్ఞతలు ఉంటాయి. గైడుకి, లైబ్రేరియన్‌కి, బైండింగ్ షాపాయనకి, చివర్న "పరిశోధనకాలమంతా ఓర్పుతో వేళకు భోజనం అందించిన నా శ్రీమతికి". ఆ పేజీ కూడా నేనే టైపు చేశాను. ఓర్పుకి రాసిన ఇంగ్లీషు మాటలో స్పెల్లింగ్ తప్పుపోతే దిద్దింది కూడా నేనే. అప్పుడు నాకేమీ అనిపించలేదు అంటే అబద్ధం. అనిపించింది. కానీ పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, వార్చుకోవాలి.

సాయంత్రం కాఫీ ఇస్తూ అడిగాను. "ఆ అమ్మాయి ఆఖరి పేజీ చూశారా?"

"చూశాను. దానివల్లే కదా అనుమానం వచ్చింది. వాడానని తనే రాసింది."

"వాడానని రాస్తే, రాయించానని అర్థమా అండి?"

"నీకు తెలీదులే రూతూ. ఇవి టెక్నికల్ విషయాలు. నువ్వు కాస్త ఆ రూల్స్ పూర్తి చెయ్యి, శుక్రవారానికి కావాలి."

"అలాగేనండి" అన్నాను. బుధవారం మధ్యాహ్నం కూర్చుని రాశాను. పెన్సిల్ డబ్బాలోనే ఉంది. పెన్నుతో రాశాను.

గురువారం పొద్దున ఇడ్లీలు పెట్టి, అటక మీది థీసిస్ దించి, దుమ్ము దులిపి, ఆయన కంచం పక్కన పెట్టాను.

"ఏవండీ, కాస్త ఒక పని చేసిపెట్టండి. ఇందులో మూడో అధ్యాయం రెండు పేజీలు ఫొటో తీసి, అమ్మాయి పేజీలకి అడిగినట్టే అడగండి."

"ఇప్పుడా? ఎందుకు?"

"టెక్నికల్ విషయం. నాకు అర్థం కావట్లేదు."

నాకు అర్థం కాని విషయం చెప్పడమంటే ఆయనకి ఇష్టం. అడిగారు. అది క్షణం కూడా ఆలోచించలేదు. *అవునండి, ఇది నేను రాసిందే. ఇంకా మెరుగుపరచమంటారా?*

ఆయన ముఖం కందిపోయింది. "ఏం వాగుతోందిది! రెండు వేల ఎనిమిదిలో సబ్మిట్ చేశాం, అప్పటికి ఇదెక్కడ పుట్టింది? పచ్చి అబద్ధం!"

"మరి ఎవరు రాశారండి?"

"ఇది రాసింది..." అని ఆగిపోయారు. ఇడ్లీ ముక్క చట్నీలో ముంచి ఉంది, చెయ్యి అక్కడే ఉండిపోయింది.

మా అత్తగారు కుర్చీలోంచి అందుకున్నారు. "ఎవరు రాయడమేంట్రా డేనియలూ? నువ్వు రాసిందే కదా. ఎంత కష్టపడ్డావు నాయనా, నేను చూళ్ళేదూ?"

నేను ఇంకో గరిటె చట్నీ వేశాను. నాకు కోపం రాలేదు, అదే నాకు ఆశ్చర్యం. దారం చిక్కు విడిపోయినప్పుడు చేతికి తెలుస్తుందే, అలా ఉంది.

"దాన్ని తిట్టకండి, అది అబద్ధం చెప్పలేదు. నిజం తెలిసినవాళ్ళే అబద్ధం చెప్పగలరు. మీరు ఏ జవాబు కావాలని అడిగారో అది చెప్పింది. అవునండి అనేవాళ్ళని అడగడమే మీకు అలవాటండి. అడగాల్సిన మనిషి నిజాంపట్నంలో ఉంది. ఆ పిల్లని ఒక్క ప్రశ్న అడిగారా? నెత్తళ్ళు ఏ గాలికి ఎండుతాయి అని అడిగారా? రాయించిన పిల్లయితే తెల్లముఖం వేసేది. రాసిన పిల్లయితే మీరు ఆపమనే దాకా చెప్పేది."

ఇరవై మూడేళ్ళలో ఆయన ముందు నేను ఇన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ అనలేదు. ఆ ఊపు పోకముందే రెండు కాగితాలు ఆయన ముందు పెట్టాను.

మొదటి కాగితం రూల్స్. పెద్ద మాటలేం లేవు. ఏ పనికి, ఎవరి సాయం, మనిషా యంత్రమా రాయాలి. అది చెప్పింది ఎవరితో సరిచూసుకున్నారో రాయాలి. తప్పుంటే నాది అని సంతకం పెట్టాలి. అలా చెప్పినవాళ్ళకి చెప్పినందుకు శిక్ష ఉండదు. అనుమానం వస్తే ముందు విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి, యంత్రం మాట సాక్ష్యం కాదు. చివరి నియమం: పైవన్నీ అధ్యాపకులకి కూడా.

రెండో కాగితం ఆ రూల్స్‌కి జతగా నేను గీసిన ఫారం, నేనే నింపింది. పని: పిహెచ్.డి. థీసిస్, మూడో అధ్యాయం. సాయం: మనిషి. పేరు: రూతు, ఎం.ఏ. వివరం: సర్వే, రాత, టైపు. వేళకు భోజనం కూడా.

ఆయన రెండోది చేతిలోకి తీసుకున్నారు. "ఇది కమిటీలో పెట్టమంటావా? ఇన్నేళ్ళ నా గౌరవం ఏమవుతుంది రూతూ?" జాలేసింది. జాలేసినా వెనక్కి తీసుకోలేదు.

"శ్రావణి సంగతి చెప్పి తీరాలండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను, రేపు నేనూ రేపల్లె వస్తున్నాను. రెండో కాగితం మీ ఇష్టం. అది ఎవరి గొడుగో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"ఇద్దరూ పోతే నా కాళ్ళకి నూనో?" అన్నారు అత్తగారు.

"సీసా మీ పక్కనే పెట్టి వెళ్తాను అత్తయ్యా. ఒక్కపూట కాస్త మీరే రాసుకోండి."

శుక్రవారం తెనాలిలో రైలెక్కాం. ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు, ఫైలు ఒళ్ళో పెట్టుకుని. చేలు వెనక్కి పోతున్నాయి. నేను పల్లీలు కొనుక్కుని తిన్నాను. ఆయనకి ఒలిచి పెట్టలేదు.

కాలేజీ వరండాలో బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ముతక నేతచీర, అరచేతులు ఉప్పుకి పగిలి తెల్లగా ఉన్నాయి. ఎవరో చెప్పక్కర్లేదు.

"వెంకాయమ్మ పిన్నీ?" అన్నాను.

"నా పేరు నీకెట్టా తెలుసమ్మా?"

"మీ మనవరాలు రాసింది."

ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చింది. "సూడమ్మా, మా పిల్ల ఆ ఫోన్లో సూసుద్ది. అది ఇట్టా సెప్పింది, నిజమేనా నాయనమ్మా అని నన్నడుగుద్ది. కాదంటే కొట్టేసుద్ది. కాపీ కొట్టేవోళ్ళు ఇట్టా అడుగుతారా? అయినా ఆ ఫోనుకేం తెలుసమ్మా, దానికెప్పుడన్నా ఒంటికి గాలి తగిలిందా?"

లోపల్నుంచి పిలుపొచ్చింది. ప్రిన్సిపాల్ బసవేశ్వరరావుగారి గది తలుపు తెరిచే ఉంది. వెంకాయమ్మ లేచి గుమ్మం దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. నేను ఆవిడ పక్కన నిలబడ్డాను. బల్లకి ఇటువైపు శ్రావణి, చేతులు కట్టుకుని. బక్కపల్చని పిల్ల. భయపడుతోంది గానీ తల దించలేదు. అటువైపు నలుగురు, మధ్యలో మా ఆయన.

"డేనియల్‌గారూ, మొదలుపెడదామా? మీ దగ్గర రుజువుంది అన్నారు" అన్నారు ప్రిన్సిపాల్.

మా ఆయన ఫైలు తెరిచారు. మూశారు. శ్రావణి వైపు తిరిగారు. "అమ్మా, నెత్తళ్ళు ఎండాలంటే ఏ గాలి కావాలి?"

ఆ పిల్ల ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత మొదలుపెట్టింది. పడమటి గాలి, తూర్పు గాలి, ఇసక మీద పరిచే పాత వలలు, ఎప్పుడు తిరగెయ్యాలి, ఏ రోజు ఉప్పు పెంచాలి, ఏ నెలలో ఎవరి చేతులు పగులుతాయి. గుమ్మంలోంచి వెంకాయమ్మ మధ్యలో, "ఉప్పు సంగతి సరిగ్గా సెప్పవే" అంది. బల్ల దగ్గర ఎవరో నవ్వారు. ఆ పిల్ల ఆగలేదు. ఆపాల్సొచ్చింది.

"ఇది ఈ అమ్మాయి రాసిందేనండి" అన్నారు మా ఆయన. "నేను రుజువు అనుకున్నది రుజువు కాదు. యంత్రాన్ని అడిగాను, అది అవునంది. నిన్న మా ఆవిడ రాసిన అధ్యాయం పెట్టి అడిగితే, దానికీ అవుననే అంది."

"మేడమ్‌గారు అధ్యాయం రాశారా? ఏ పుస్తకంలో అండి?" ప్రిన్సిపాల్‌గారు మర్యాదకే అడిగారు.

ఇక్కడ ఆయన తప్పుకోవచ్చు. ఏదో ఒక మాట చెబితే సరిపోతుంది, ఎవరూ రెట్టించరు. ఫైలు మీద ఆయన వేళ్ళు కదిలాయి. రెండో కాగితం బయటికొచ్చింది.

"నా థీసిస్‌లో అండి."

"మీ థీసిస్... మేడమ్‌గారు రాశారా?"

ఆయన గుమ్మం వైపు చూశారు. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో నేను మాత్రమే అనే మాటని, ఆయన నోటి నుంచి మొదటిసారి విన్నాను.

"అవునండి." కాగితం బల్ల మీద పెట్టి, నా పెన్ను గీతల మీద అరచెయ్యి ఆనించారు. "ఈ అమ్మాయి తను తీసుకున్న సాయంలో యంత్రం సంగతి కూడా రాసింది. నేను మనిషి పేరే రాయలేదు. తప్పు నాదండి."